ధరల సూచీ రిపోర్టులో సరిగ్గా రావాలంటే: పవర్ బీఐలో మొదటి నుంచి చివరిదాకా

ఒక వస్తువు ధర 40, ఇంకోదాని ధర 4,000. రెండింటినీ ఒకే చార్టులో గీస్తే చిన్నదాని గీత అడుగున అతుక్కుపోతుంది. ఏడాదిలో సగానికి సగం పెరిగినా కదిలినట్టే కనిపించదు. సూచీ అవసరం ఇక్కడే వస్తుంది. ఒక నెలను ఆధారంగా పెట్టుకుని, ప్రతి వస్తువుకీ ఆ నెల ధరను 100 అనుకుంటే ఆ తర్వాత ఎవరు ఎంత కదిలారో పక్కపక్కన చూడొచ్చు.

లెక్క ఒక్క భాగహారమే. ఈ నెల ధరను ఆధార నెల ధరతో భాగించి 100తో హెచ్చించాలి. ఎక్సెల్‌లో పది వరుసల మీద ఎవరైనా చేసేస్తారు. రిపోర్టింగ్ సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చేసరికి అదే లెక్క రెండు చోట్ల బెడిసికొడుతుంది. ఒకటి, స్లైసర్ (రిపోర్టు పేజీ మీద చూసేవాళ్లు నొక్కే ఫిల్టర్) కదపగానే ఆధార ధర మాయమవుతుంది. రెండు, మనం 'ధర' అని భాగిస్తున్నది అసలు ధరే కాదు. నన్నడిగితే రెండోదే ప్రమాదకరం. మొదటి తప్పు జరిగితే గడి ఖాళీగా కనిపిస్తుంది, ఎవరో ఒకరు అడుగుతారు. రెండో తప్పు జరిగితే చక్కగా నమ్మబుద్ధయ్యే సంఖ్య వస్తుంది, దాన్ని ఎవరూ అడగరు.

ఈ మార్గదర్శి మైక్రోసాఫ్ట్ వారి రిపోర్టింగ్ సాఫ్ట్‌వేర్ పవర్ బీఐని దృష్టిలో పెట్టుకుని రాసింది. టాబ్లో (ఇలాంటిదే ఇంకో సాఫ్ట్‌వేర్), ఎక్సెల్ వాడేవాళ్ల కోసం చివర్లో కొంత ఉంది. సూత్రాల్లో ఫంక్షన్ పేర్లను ఇక్కడ తెలుగు లిపిలో ఇచ్చాను, టైప్ చేసేటప్పుడు మామూలు ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి. పట్టికలకీ, మెజర్లకీ (అంటే పేరు పెట్టి దాచుకునే లెక్కల సూత్రాలకీ) తెలుగు పేర్లు పెట్టుకున్నా పవర్ బీఐ ఒప్పుకుంటుంది, పట్టిక పేరు చుట్టూ సింగిల్ కోట్స్ ఉంటే చాలు. వేరియబుల్ పేర్లు మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఉండాలి.

మొదటి అడుగు: పట్టికలు

మూడు పట్టికలు కావాలి. 'అమ్మకాలు' పట్టికలో ఒక్కో లావాదేవీకి ఒక్కో వరుస: తేదీ, వస్తువు కోడ్, పరిమాణం, విలువ. 'వస్తువులు' పట్టికలో ఒక్కో కోడ్‌కి ఒక్కో వరుస. 'తేదీలు' పట్టికలో రోజుకో వరుస, మధ్యలో ఒక్క రోజు కూడా తప్పిపోకూడదు. ఈ చివరి పట్టికలో సంవత్సరం, నెల పేరుతో పాటు 'నెల మొదలు' అనే కాలమ్ ఒకటి పెట్టండి. ఆ నెలలోని ప్రతి రోజుకీ అందులో ఒకటో తేదీ ఉండాలి. ఆధార నెలను పట్టుకోవడానికి ఇంతకంటే తేలికైన దారి లేదు. 'జనవరి' అనే అక్షరాలతో పట్టుకోబోతే ప్రతి ఏడాది జనవరీ వచ్చి మీద పడుతుంది.

తేదీల పట్టిక మీద రైట్ క్లిక్ చేసి దాన్ని డేట్ టేబుల్‌గా గుర్తించండి. సెట్టింగుల్లో ఆటో డేట్ అండ్ టైమ్ ఆపేయండి. లేకపోతే పవర్ బీఐ ప్రతి తేదీ కాలమ్‌కీ కనపడని క్యాలెండర్ ఒకటి సొంతంగా తయారుచేసుకుంటుంది, మీ ఫిల్టర్ దేనిమీద పడుతోందో మీకే అర్థం కాదు.

సూత్రం రాయకముందే డేటాలో మూడు సంగతులు చూడండి. తిరిగి వచ్చిన సరుకు రుణాత్మక పరిమాణంతో నమోదై ఉంటుంది. ఉచితంగా ఇచ్చినవి సున్నా విలువతో ఉంటాయి. అన్నిటికంటే చిక్కు కొలమానం: ఒకే కోడ్ కింద కొన్నాళ్లు పెట్టెల్లో, కొన్నాళ్లు విడిగా లెక్క రాసి ఉంటే, 12 ఉన్న పెట్టె నుంచి విడి ముక్కకి మారిన నెలలో సూచీ 100 నుంచి 8కి పడిపోతుంది. అది ధర తగ్గడం కాదు. కొలమానాన్ని పవర్ క్వెరీలోనే (డేటాను లోపలికి తెచ్చేటప్పుడు శుభ్రం చేసే భాగం) ఒకే రకానికి తెచ్చుకోండి, మెజర్‌లో సర్దబోవద్దు. వేర్వేరు కరెన్సీల్లో కొనుగోళ్లు ఉంటే ఇంకో నిర్ణయం కూడా ఉంది. అప్పటి మారకం రేటుతో మార్చితే సూచీలో రేటు కదలిక కూడా కలిసిపోతుంది, సరఫరాదారు ధర పెంచాడా లేదా అన్నది మరుగున పడుతుంది.

రెండో అడుగు: ధర, ఆధార ధర

ముందు మూడు చిన్న మెజర్లు:

అమ్మకం విలువ = సమ్( 'అమ్మకాలు'[విలువ] )

పరిమాణం = సమ్( 'అమ్మకాలు'[పరిమాణం] )

సగటు ధర = డివైడ్( [అమ్మకం విలువ], [పరిమాణం] )

ప్రతి వరుసలో యూనిట్ ధర ఉంది కదా అని దానికి యావరేజ్ తీయకండి. ఒక ముక్క కొన్న లావాదేవీకీ, వెయ్యి ముక్కలు కొన్న లావాదేవీకీ అది సమానమైన ఓటు ఇస్తుంది. మొత్తం విలువను మొత్తం పరిమాణంతో భాగించడమే సరైనది. ఇక స్లాష్ గుర్తు బదులు డివైడ్ ఎందుకంటే, హారం సున్నా లేదా ఖాళీ అయితే డివైడ్ ఖాళీ ఇస్తుంది. స్లాష్‌తో భాగిస్తే చార్టులో 'అనంతం' వచ్చి కూర్చుంటుంది.

ఇప్పుడు అసలు మెజర్:

ఆధార ధర = కాలిక్యులేట్( [సగటు ధర], రిమూవ్‌ఫిల్టర్స్( 'తేదీలు' ), 'తేదీలు'[నెల మొదలు] = డేట్( 2023, 1, 1 ) )

ధర సూచీ = డివైడ్( [సగటు ధర], [ఆధార ధర] ) * 100

ఆధార ధరలో రిమూవ్‌ఫిల్టర్స్ ఎందుకో కాస్త ఆగి చూడాలి. ఈ లెక్కలో ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే. కాలిక్యులేట్‌లో ఒక కాలమ్ మీద షరతు పెడితే అది ఆ ఒక్క కాలమ్ మీదున్న పాత ఫిల్టర్‌నే తీసేస్తుంది. మిగతా కాలమ్‌ల ఫిల్టర్లు ఎక్కడివక్కడే ఉంటాయి. మీ మేట్రిక్స్‌లో (రిపోర్టులో వరుసలూ నిలువు వరుసలూ ఉండే పట్టిక) సంవత్సరం కాలమ్ ఉందనుకోండి, ఇప్పుడు లెక్క జరుగుతున్నది 2024 గడిలో. రిమూవ్‌ఫిల్టర్స్ లేకపోతే ఇంజిన్‌కి అందే ప్రశ్న ఇది: సంవత్సరం 2024 అయి ఉండాలి, నెల మొదలు 2023 జనవరి 1 అయి ఉండాలి. అలాంటి రోజు క్యాలెండర్‌లో లేదు. ఆధార ధర ఖాళీ, సూచీ ఖాళీ. 2023 గడుల్లో మాత్రం అంతా బాగానే ఉంటుంది. అందుకే మొదటి ఏడాది డేటాతో పరీక్షించి పంపిన రిపోర్టు, రెండో ఏడాది మొదలవగానే చచ్చుబడుతుంది.

దీనికి ఒక మినహాయింపు ఉంది, గందరగోళం పెంచేది కూడా అదే. డేట్ టేబుల్‌గా గుర్తించిన పట్టికలో, ఆ గుర్తింపు పెట్టిన తేదీ కాలమ్ మీదే షరతు రాస్తే డాక్స్ (ఈ సూత్రాలు రాసే పవర్ బీఐ భాష) తనంతట తనే పట్టిక మొత్తం ఫిల్టర్లను తీసేస్తుంది. ఒకరి ఫైల్‌లో రిమూవ్‌ఫిల్టర్స్ లేకుండానే పనిచేసిన సూత్రం ఇంకొకరి ఫైల్‌లో మొరాయించడానికి చాలాసార్లు కారణం ఇదే. ఎప్పుడైనా స్పష్టంగా రాసేయడమే నయం.

గమనించండి, తేదీల ఫిల్టర్లను మాత్రమే తీశాం. వస్తువుల ఫిల్టర్లు అలాగే ఉన్నాయి, ఉండాలి కూడా. కొందరు భద్రత కోసమని 'అమ్మకాలు' పట్టిక మొత్తం మీద ఆల్ (అన్ని ఫిల్టర్లనూ తీసేసే ఫంక్షన్) పెట్టేస్తారు. అప్పుడు ప్రతి వస్తువు ధరనీ అన్ని వస్తువుల సగటుతో భాగించినట్టు అవుతుంది. ఆధార నెలలో కూడా 100 రాదు.

ఇంకో ఉచ్చు వేరియబుల్. వార్ (VAR, వేరియబుల్‌ని ప్రకటించే పదం) తర్వాత ధరను ఒక వేరియబుల్‌లో దాచి, కింద కాలిక్యులేట్‌లో ఆ వేరియబుల్‌నే వాడితే ఫిల్టర్ మారినా విలువ మారదు. వేరియబుల్ రాసిన చోటే లెక్క పూర్తయిపోతుంది, ఆ తర్వాత అది వట్టి సంఖ్య. ఫలితం ఏమిటంటే సూచీ ప్రతి నెలా 100. గీత తాడు కట్టినట్టు తిన్నగా అడ్డంగా పడుంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. కాలిక్యులేట్ లోపల మెజర్ పేరే ఉండాలి.

మూడో అడుగు: ఆధార నెలను చూసేవాళ్ల చేతికి ఇవ్వడం

ఆధార నెలను సూత్రంలో బిగించేస్తే మార్చమని అడిగిన ప్రతిసారీ మీరే ఫైల్ తెరవాలి. దానికి బదులు 'ఆధార నెలలు' అని ఇంకో పట్టిక తయారుచేయండి. తేదీల పట్టికలోని 'నెల మొదలు' విలువలే అందులో ఉంటాయి. దాన్ని దేనితోనూ కలపొద్దు. సంబంధం గీశారంటే స్లైసర్‌లో నెల ఎంచుకోగానే చార్టు మొత్తం ఆ ఒక్క నెలకే కుంచించుకుపోతుంది. విడిగా ఉంటే అది కేవలం ఒక మీట.

ఆధార ధర =
వార్ బేస్ = సెలెక్టెడ్‌వాల్యూ( 'ఆధార నెలలు'[నెల మొదలు], డేట్( 2023, 1, 1 ) )
రిటర్న్ కాలిక్యులేట్( [సగటు ధర], రిమూవ్‌ఫిల్టర్స్( 'తేదీలు' ), 'తేదీలు'[నెల మొదలు] = బేస్ )

సెలెక్టెడ్‌వాల్యూలో రెండో విలువ, ఎవరూ ఏమీ ఎంచుకోనప్పుడు వాడేది. స్లైసర్‌ను సింగిల్ సెలెక్ట్‌గా పెట్టండి. లేదంటే ఎవరో రెండు నెలలు నొక్కుతారు, చడీచప్పుడు లేకుండా 2023 జనవరి ఆధారమైపోతుంది. చార్టు శీర్షికలో 'ఆధారం: ఫలానా నెల = 100' అని మెజర్‌తోనే రాయిస్తే ఈ గొడవే ఉండదు.

చార్టులో కనిపించే మొదటి నెలే ఆధారం కావాలని కొందరు కోరతారు. అప్పుడు బేస్ వేరియబుల్‌కి కాలిక్యులేట్( మిన్( 'తేదీలు'[నెల మొదలు] ), ఆల్‌సెలెక్టెడ్( 'తేదీలు' ) ) ఇవ్వాలి. షేర్ల చార్టుల్లో ఇదే పద్ధతి, అక్కడ బాగుంటుంది. ధరల రిపోర్టుకి నేను దీన్ని సిఫారసు చేయను. తేదీ స్లైసర్‌ను ఒక నెల పక్కకి జరిపితే అదే వస్తువు నిన్న 118, ఇవాళ 104 అవుతుంది. సమావేశంలో ఇద్దరి దగ్గర రెండు సంఖ్యలు ఉంటాయి, రెండూ సరైనవే.

ఏ నెలను ఆధారం చేయాలి? మామూలు నెలను. భారీ తగ్గింపు నడిచిన నెలను ఆధారంగా పెడితే ఆ తర్వాత అంతా పెరుగుదలగానే కనిపిస్తుంది. అలాంటి అనుమానం ఉంటే ఒక నెల బదులు ఏడాది సగటు తీసుకోండి. అమెరికా వినియోగదారుల ధరల సూచీ చాలాకాలంగా 1982–84 మూడేళ్ల సగటును 100గా పెట్టుకుంది. 100 అన్నది కూడా వాడుకే తప్ప నియమం కాదు, ఎస్ అండ్ పీ 500 సూచీ ఆధారం 1941–43కి 10.

దీనితో ముడిపడినదే ఇంకొకటి. మేట్రిక్స్‌ను నెల నుంచి సంవత్సరం స్థాయికి మడిస్తే, ఆధారం 2023 జనవరి అయినప్పుడు 2023 వరుసలో 100 రాదు. పైన ఉన్నది ఏడాది సగటు ధర, కింద ఉన్నది జనవరి ధర. తప్పేమీ లేదు, కానీ చూసినవాళ్లు తప్పనుకుంటారు. రిపోర్టు ఎక్కువగా సంవత్సరాల మీద నడిచేదైతే ఆధారం కూడా సంవత్సరమే పెట్టండి.

నాలుగో అడుగు: అసలు చిక్కు, చాలా వస్తువులు ఉన్నప్పుడు

ఒక వస్తువుకి పై లెక్క చాలు. మొత్తం వరుసకి, అంటే అన్ని వస్తువులకూ కలిపి సూచీ చూసినప్పుడు కథ మారుతుంది. రెండు వస్తువులతో చూద్దాం.

ఆధార నెలలో మొదటి వస్తువు ధర 40, పరిమాణం 100. రెండో వస్తువు ధర 200, పరిమాణం 50. ఇప్పటి నెలలో మొదటిది 44, పరిమాణం 60. రెండోది 210, పరిమాణం 90.

మొదటి వస్తువు సూచీ 110, రెండోదానిది 105. మొత్తం ఎంత ఉండాలి? 105కీ 110కీ మధ్య ఎక్కడో. రిపోర్టు ఏం చూపిస్తుందో చూడండి. ఆధార నెలలో మొత్తం విలువ 14,000, పరిమాణం 150, సగటు ధర 93.33. ఇప్పుడు విలువ 21,540, పరిమాణం 150, సగటు ధర 143.60. సూచీ 153.9.

ఏ వస్తువూ 10 శాతానికి మించి పెరగలేదు, మొత్తం మాత్రం దాదాపు 54 శాతం పెరిగిందట. జరిగిందల్లా ఖరీదైన వస్తువు ఎక్కువగా అమ్ముడవడం. సగటు ధర కదిలింది నిజమే, ధరలు కదలడం వల్ల మాత్రం కాదు. ఈ 153.9 చూసి ఎవరైనా 'ధరలు బాగా పెంచేశాం' అనుకుని నిర్ణయం తీసుకుంటే దానికి బాధ్యత ఆ మెజర్‌దే. కేటగిరీ స్థాయిలోనూ, శాఖ స్థాయిలోనూ ఇదే జరుగుతుంది. ఒకటికి మించిన వస్తువులు కలిసిన ప్రతిచోటా సగటు ధర సూచీని ధరల సూచీ అని పిలవకండి.

దీనికి మందు పందొమ్మిదో శతాబ్దంలోనే దొరికింది. పరిమాణాలను కదలనివ్వకుండా బిగించి ధరలను మాత్రం మార్చి చూడటం. ఆధార కాలపు పరిమాణాలను బిగిస్తే అది లాస్పేయర్స్ సూచీ, జర్మన్ ఆర్థికవేత్త ఎతియెన్ లాస్పేయర్స్ 1871లో ప్రతిపాదించింది. ఇప్పటి పరిమాణాలను బిగిస్తే పాషే సూచీ, 1874 నాటిది. పై అంకెలతో లాస్పేయర్స్: 44 × 100 + 210 × 50 = 14,900. దాన్ని 14,000తో భాగిస్తే 106.4. పాషే: ఇప్పటి అమ్మకం 21,540ని, అవే పరిమాణాలను పాత ధరలకు అమ్మి ఉంటే వచ్చే 20,400తో భాగిస్తే 105.6. రెండూ 105కీ 110కీ మధ్యనే ఉన్నాయి.

పవర్ బీఐలో లాస్పేయర్స్‌కి ముందు ఆధార పరిమాణం కావాలి. ఆధార ధర మెజర్‌నే కాపీ చేసి [సగటు ధర] ఉన్నచోట [పరిమాణం] పెట్టండి. ఆ తర్వాత:

లాస్పేయర్స్ సూచీ =
వార్ ఐటెమ్స్ = ఫిల్టర్( వాల్యూస్( 'వస్తువులు'[కోడ్] ), నాట్ ఈజ్‌బ్లాంక్( [సగటు ధర] ) && నాట్ ఈజ్‌బ్లాంక్( [ఆధార ధర] ) )
వార్ నౌటోటల్ = సమ్‌ఎక్స్( ఐటెమ్స్, [సగటు ధర] * [ఆధార పరిమాణం] )
వార్ దెన్ = సమ్‌ఎక్స్( ఐటెమ్స్, [ఆధార ధర] * [ఆధార పరిమాణం] )
రిటర్న్ డివైడ్( నౌటోటల్, దెన్ ) * 100

సమ్‌ఎక్స్ ఒక్కో కోడ్ దగ్గర ఆగి లోపలి మెజర్లను ఆ ఒక్క వస్తువుకే లెక్కిస్తుంది, ఆ తర్వాత కూడుతుంది. మెజర్ పేరుతో పిలిచినందుకే అలా జరుగుతుంది. అదే చోట సమ్( 'అమ్మకాలు'[విలువ] ) అని నేరుగా రాస్తే ప్రతి కోడ్ దగ్గరా మొత్తం విలువే వస్తుంది.

పైనున్న ఫిల్టర్ వరుసను అలంకారం అనుకుని తీసేయకండి. ఒక నెలలో రెండో వస్తువు అసలు అమ్ముడుపోలేదనుకోండి. ఫిల్టర్ లేకపోతే దాని ఇప్పటి ధర ఖాళీ, లెక్కలో సున్నా. పైన 4,400 మాత్రమే మిగులుతుంది, కింద 14,000 అలాగే ఉంటుంది, సూచీ 31.4. సరుకు లేకపోవడాన్ని రిపోర్టు ధరల పతనంగా చూపిస్తుంది. ఫిల్టర్ ఉంటే రెండో వస్తువు రెండు వైపుల నుంచీ తప్పుకుంటుంది, మొదటిదాని 110 మాత్రమే మిగులుతుంది.

పాషేకి ఐటెమ్స్ వరుస అదే. సమ్‌ఎక్స్‌లు రెండింటిలోనూ ఆధార పరిమాణం బదులు [పరిమాణం] వస్తుంది. రెండింటి గుణమధ్యమం, అంటే లబ్ధానికి వర్గమూలం, ఫిషర్ ఆదర్శ సూచీ. మన అంకెలకి అది 106.0.

ఏది వాడాలి? కొనుగోళ్ల విభాగం సరఫరాదారుల ధరలను గమనించడానికైతే లాస్పేయర్స్. బుట్ట (లెక్కలోకి తీసుకున్న వస్తువులు, వాటి పరిమాణాలు) మారదు కాబట్టి ఎవరికైనా ఒక్క వాక్యంలో చెప్పొచ్చు: పోయినసారి కొన్నవే మళ్లీ కొంటే ఎంతవుతుంది? అమ్మకాల పెరుగుదలలో ధర వాటా ఎంత, పరిమాణం వాటా ఎంత అని విడదీయాలన్నా ఇది కలిసొస్తుంది. లాస్పేయర్స్ ధర సూచీని పాషే పరిమాణ సూచీతో (ఇప్పటి ధరలను బిగించి పరిమాణాలను మాత్రం మార్చి చూసేది) గుణిస్తే విలువ సూచీ, అంటే మొత్తం అమ్మకం విలువలో వచ్చిన మార్పు, కచ్చితంగా వస్తుంది. పై ఉదాహరణలో 1.0643 × 1.4456 = 1.5386. ఆ 54 శాతంలో ధర వల్ల వచ్చింది 6 శాతం చిల్లర, మిగతాది ఖరీదైన వస్తువు వైపు జరిగిన మొగ్గు. యాజమాన్యం నిజంగా అడుగుతున్న ప్రశ్న ఇదే. ఫిషర్‌ని లోపలి పరిశీలనకి ఉంచుకోండి. లాస్పేయర్స్, పాషే బాగా దూరం జరిగితే బుట్ట పాతబడిందని అర్థం.

పరిమాణాలు దొరకని సందర్భాలుంటాయి, ఉదాహరణకి ధరల జాబితాలు మాత్రమే ఉన్నప్పుడు. అప్పుడు ఒక్కో వస్తువు నిష్పత్తి తీసి సగటు చేయాలి, అదీ గుణమధ్యమంతో. ఒక ధర రెట్టింపై, ఇంకోటి సగమైతే సూచీలు 200, 50. అంకమధ్యమం 125 అంటుంది, గుణమధ్యమం 100 అంటుంది. డాక్స్‌లో దీనికి జియోమీన్‌ఎక్స్ ఉంది.

ఐదో అడుగు: ధర లేని నెలలు, కొత్త వస్తువులు

నెల నెలకీ అమ్మకం లేని వస్తువులు ఎక్కువుంటే పై ఫిల్టర్ వల్ల బుట్ట ప్రతి నెలా మారుతూ, గీత ఎగుడుదిగుడుగా తయారవుతుంది. చిన్న ఖాళీలకు చివరిగా తెలిసిన ధరను ముందుకు తీసుకెళ్లొచ్చు:

చివరి తెలిసిన ధర =
వార్ టిల్ = మ్యాక్స్( 'తేదీలు'[నెల మొదలు] )
రిటర్న్ కాలిక్యులేట్( లాస్ట్‌నాన్‌బ్లాంక్‌వాల్యూ( 'తేదీలు'[నెల మొదలు], [సగటు ధర] ), రిమూవ్‌ఫిల్టర్స్( 'తేదీలు' ), 'తేదీలు'[నెల మొదలు] <= టిల్ )

లాస్పేయర్స్‌లో [సగటు ధర] ఉన్నచోటల్లా దీన్ని పెడితే సరి. రెండు జాగ్రత్తలు. క్యాలెండర్ పట్టిక వచ్చే ఏడాది చివరిదాకా ఉంటే ఇది ఇంకా రాని నెలల్లోకి కూడా ధరను లాక్కెళ్తుంది, చివరి డేటా నెల దాటాక ఖాళీ ఇచ్చేలా ఒక ఇఫ్ పెట్టండి. రెండోది, ఏడాదిగా అమ్ముడుపోని వస్తువు పాత ధర ఇంకా సూచీని కిందికి పట్టి ఉంచుతుంది. మూడు నెలలు దాటితే బుట్టలోంచి తీసేయడం అనేది నా లెక్క, మీ వ్యాపారానికి వేరే గడువు ఉండొచ్చు.

ఆధార నెల తర్వాత పుట్టిన వస్తువుకి ఆధార ధరే లేదు. దానికి సూచీ ఖాళీగా రావడమే న్యాయం. మొదటి అమ్మకపు నెలను దానికి 100గా పెట్టి మిగతావాటి పక్కన గీస్తే రెండు వేర్వేరు ఆధారాలు ఒకే చార్టులో కూర్చుంటాయి. కొత్త వస్తువులు తరచుగా వచ్చే వ్యాపారమైతే ఏడాదికోసారి బుట్ట మార్చి గొలుసు కట్టడం మంచిది. అంటే పాత బుట్టతో ఆ నెల 112 అయితే, కొత్త బుట్ట సూచీని ఆ నెలకి 100గా లెక్కించి తర్వాతి ప్రతి విలువనీ 1.12తో హెచ్చించడం.

మరి ప్రతి నెలా గొలుసు కడితే? ప్రొడక్ట్‌ఎక్స్‌తో నెలనెలా నిష్పత్తులు గుణించుకుంటూ పోవడం సులువే, కానీ ఒకసారి ఈ అంకెలు చూడండి. రెండు వస్తువులు, రెండింటి ధరా 10, పరిమాణం పదేసి. రెండో నెలలో మొదటిదాన్ని తగ్గింపులో 5కి ఇస్తే 50 అమ్ముడైంది. మూడో నెలలో ధర మళ్లీ 10, పరిమాణం మళ్లీ 10. మొదటి లంకె 150ని 200తో భాగిస్తే 0.75. రెండో లంకె, రెండో నెల పరిమాణాలతో, 600ని 350తో భాగిస్తే 1.714. గుణిస్తే సూచీ 128.6. ధరలు బయల్దేరిన చోటికే వచ్చాయి, సూచీ మాత్రం రాలేదు. తగ్గింపులు నడిచే వ్యాపారంలో నెలవారీ గొలుసు జోలికి వెళ్లకండి.

చూపించే తీరు

గీత చార్టులో 100 దగ్గర ఒక అడ్డగీత పెట్టండి. నిలువు అక్షం సున్నా నుంచి మొదలవ్వక్కర్లేదు, సూచీకి నేల 100. విలువలు 50 నుంచి 400 దాకా పరుచుకుంటే లాగ్ అక్షం వాడండి, అప్పుడు 100 నుంచి 200కీ, 200 నుంచి 400కీ ఒకే ఎత్తు కనిపిస్తుంది.

120 నుంచి 126కి వెళితే అది 6 పాయింట్లు, 5 శాతం. ఈ రెండూ కలిపేసి 'ఆరు శాతం పెరిగింది' అని రాసే రిపోర్టులు బోలెడు. మార్పు చూపే మెజర్‌కి శాతమా, పాయింట్లా అన్నది పేరులోనే ఉంచండి. సూచీలను ఒకదానితో ఒకటి కూడకండి, వస్తువుల సూచీలకు యావరేజ్ తీసి మొత్తం అనకండి. దశాంశం ఒకటి చాలు, కానీ గుండ్రం చేయడం ఫార్మాట్‌లోనే జరగాలి. ఆధార ధరను రౌండ్ చేస్తే ఆ తేడా ప్రతి నెలకీ పాకుతుంది.

టాబ్లో, ఎక్సెల్

టాబ్లోలో ఈ ధరను లుకప్, ఫస్ట్ అనే టేబుల్ లెక్కలతో మొదటి నెల ధరపై భాగించడం వాడుక. టేబుల్ లెక్కలు ఫిల్టర్ల తర్వాత జరుగుతాయి కాబట్టి మొదటి నెలను ఫిల్టర్‌తో తీసేస్తే ఆధారం జారిపోతుంది. ఫిక్స్‌డ్ లెక్కలో వస్తువు వారీగా ఆధార నెల ధరను కడితే మామూలు డైమెన్షన్ ఫిల్టర్లు దాన్ని తాకలేవు. కాంటెక్స్ట్ ఫిల్టర్ మాత్రం తాకుతుంది. ఆధార నెలకి పారామీటర్ పెట్టుకోవచ్చు.

ఎక్సెల్‌లో డాలర్ గుర్తుతో వరుసను బిగించడం అందరికీ తెలిసిందే. పివట్ టేబుల్‌లో షో వాల్యూస్ యాజ్ కింద 'పర్సెంట్ ఆఫ్' ఎంచుకుని బేస్ ఫీల్డ్‌గా నెల, బేస్ ఐటెమ్‌గా ఆధార నెల ఇస్తే సూత్రం రాయకుండానే సూచీ వస్తుంది. విలువను పరిమాణంతో భాగించే క్యాలిక్యులేటెడ్ ఫీల్డ్ మీద కూడా అది పనిచేస్తుంది. మొత్తం వరుసలో మాత్రం పైన చెప్పిన 153.9 సమస్యే ఎదురవుతుంది.

పంపే ముందు

పైన ఇచ్చిన రెండు వస్తువుల అంకెలను ఒక చిన్న ఫైల్‌లో ఎక్కించి మీ మెజర్లను దాని మీద నడపండి. ఆధార నెలలో ప్రతి వస్తువుకీ, మొత్తానికీ సరిగ్గా 100 రావాలి. 99.98 వచ్చినా ఎక్కడో ఫిల్టర్ తేడా ఉన్నట్టే. ఇప్పటి నెలలో లాస్పేయర్స్ 106.4, పాషే 105.6 రావాలి. మొత్తం సూచీ ఎప్పుడూ వస్తువుల సూచీల్లో కనిష్ఠానికీ గరిష్ఠానికీ మధ్యే ఉండాలి, బయటపడితే మీరు సగటు ధరనే భాగిస్తున్నారు. ఆ తర్వాత సంవత్సరం స్లైసర్‌లో ఆధార ఏడాదిని తీసేసి చూడండి. మిగిలిన నెలల సూచీలు ఒక్క దశాంశం కూడా మారకూడదు. చివరగా ఆధార నెలను 2023 జనవరి నుంచి జూన్‌కి జరిపి, ఒకే వస్తువు వరుసలో ఏ రెండు నెలల సూచీల నిష్పత్తైనా మునుపటిలాగే ఉందో లేదో చూడండి. ఒక వస్తువుకి ఆధారం మార్చడమంటే గీతనంతా ఒకే సంఖ్యతో గుణించడమే కాబట్టి నిష్పత్తి మారకూడదు. లాస్పేయర్స్ మొత్తం వరుసలో మాత్రం ఆధార నెలతో పాటు బుట్ట కూడా మారుతుంది కాబట్టి అక్కడ ఈ పరీక్ష వర్తించదు.